పది నిమిషాల గొంతు

"ఆ గిన్నెల మోత కాస్త తగ్గించు, వార్తలు వినబడి చావట్లేదు" అన్నాడు మా ఆయన హాల్లోంచి. కుళాయి సన్నగా తిప్పాను. చప్పుళ్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఆఫీసులో నా పనే అది. భాషా పరిశోధన కోసం మనుషుల మాటలు పోగుచేస్తున్నాం. ఎవరిని, ఎక్కడ, ఎలా రికార్డు చేయాలో ప్రణాళిక రాసేది నేను. ఆడవాళ్లను వాళ్ల వంటింట్లోనే రికార్డు చేద్దామని రాశాను. స్టూడియోలో కూర్చోబెడితే వచ్చేది అప్పజెప్పిన పాఠం, మాట కాదు.

"ఇళ్లలో అంతా గోలమ్మా" అన్నారు మా పెద్దసారు. "ఆడవాళ్లని తగ్గించేద్దాం. మగవాళ్లైతే పిలవగానే వస్తారు, గడగడా మాట్లాడతారు." నేను పట్టుబట్టాను. ఆయనకి విసుగొచ్చింది. "సరే, మీ ఇంట్లోనే ఓ పది నిమిషాలు నీ గొంతు రికార్డు చేసి తీసుకురా. పనికొస్తే ఉంచుదాం, లేదంటే మళ్లీ ఆ మాటెత్తకు."

అందుకే గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, రికార్డరు డబ్బాల పక్కన పెట్టాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దని బతిమాలాను. "నువ్వు మాట్లాడ్డానికి మేం నోళ్లు కుట్టుకోవాలా?" అన్నారు అత్తగారు. మీట నొక్కి, "పొద్దున లేవగానే..." అని మొదలుపెట్టానో లేదో, మా ఆయన వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "నీకు చెప్పడం రాదు, ఉండు" అంటూ రికార్డరు తనవైపు తిప్పుకున్నాడు. నా రోజు ఆయన చెప్పాడు. కోపంగా కాదు, ముచ్చటగా, నవ్విస్తూ. ఆయన కాఫీ, ఆయన చొక్కా, వాళ్లమ్మ మందులు. అందులో నా ఆఫీసు లేదు, నా నడుంనొప్పీ లేదు. ఆపమనొచ్చు. ఆ మాట కూడా రికార్డయి పదిమందీ వింటారని ఊరుకున్నాను. సిగ్గు కూడా నాకే వేసింది, చూడండి. మళ్లీ చేస్తానంటే, "బాగానే వచ్చిందిగా!" అని టీవీ పెట్టేశాడు.

మర్నాడు ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఎక్కువసేపు వినిపించే గొంతును 'వక్త' అనాలని, మిగతాదంతా 'వెనక చప్పుడు' కింద వేయాలని నియమం రాసింది నేనే. నావి కొన్ని 'ఊ'లు, కొన్ని 'అవును'లు, ఒక నవ్వు. ఎందుకు నవ్వానో గుర్తులేదు. అన్నిటికీ నా చేత్తోనే వెనక చప్పుడని గుర్తు పెట్టాను. ప్రణాళికలో వంటిళ్ల పేరా కొట్టేశాను.

పెద్దసారు నా బల్ల దగ్గర ఆగారు. "ఏమ్మా, ఎలా వచ్చింది రికార్డింగు?"

"చాలా స్పష్టంగా వచ్చింది సార్" అన్నాను. "మా ఆయన గొంతు."