గడప మీది మరక

పెళ్లయి యాభై మూడు రోజులు. అందులో ఇరవై ఆరు ఈ ఇంట్లోనే గడిచాయని చరిత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సౌదీలో ఖోబర్‌కు గంట దూరంలో చిన్న ఊరు, మూడో అంతస్తులో రెండు గదులు. వంటింటి కిటికీలోంచి వేలెడంత సముద్రం కనిపిస్తుంది. ఆ వేలెడంత కోసమే ఆమె రోజూ టీ అక్కడే నిలబడి తాగుతుంది.

ఆ భవనం మొత్తాన్నీ ఊరి బలదియా కొనేసింది. పురపాలక సంఘం లాంటిది. కొత్తవి కట్టేదాకా ఆగకుండా, కట్టి ఉన్న ఇళ్లనే కొని నిలువనీడ లేని కుటుంబాలకు ఇస్తున్నారు. కింది వాటాలోకి అప్పుడే ఒక తల్లి, నలుగురు పిల్లలు దిగారు. తమకంటూ ఒక స్నానాలగది ఉందని ఆ పిల్లలు మొదటిరోజంతా కుళాయి తిప్పుతూనే ఉన్నారు. వాళ్ల నవ్వులు పైదాకా వినిపిస్తుంటే చరితకు కోపం రాలేదు. అద్దె గడువు తీరేదాకా, ఇంకో ఎనిమిది నెలలు, తమనూ ఉండనిస్తామన్నారు మరి. మరమ్మతు చేయాల్సిన ఇళ్లు మాత్రం పది రోజుల్లో ఖాళీ చేయాలి.

సోమవారం ఆమె భర్త హేమసుందర్ ఫోనుకు సరిగ్గా ఆ కబురే వచ్చింది. తలుపు దగ్గర మరక ఉందట, స్నానాలగది గోడలో లీకట.

"నిన్న ఎవరో బెల్లు కొట్టారండీ. మీరు ఆఫీసులో ఉన్నారు కదా, నేను తలుపు తియ్యలేదు," అంది చరిత.

ఆ సాయంత్రం ఇద్దరూ గోడలన్నీ తడిమారు. హేమసుందర్ గోడకు చెవి ఆనించి విన్నాడు.

"ఏం వినిపిస్తోంది?"

"నీ గాజులు."

నవ్వారు గానీ, పడుకునే ముందు చరిత ఆ కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడింది.

మర్నాడు గోడ పగలగొట్టడానికి బలదియా పంపిన ప్లంబరు వచ్చాడు. చేతిలో సుత్తి, ఉలి. గుమ్మం ముందు ఆగి కిందకు చూశాడు. బూట్లు విప్పి, గడపను తొక్కకుండా కాలు ఎత్తి దాటి లోపలికొచ్చాడు. చరిత హేమసుందర్ వైపు చూసింది.

"ఏ ఊరన్నా మీది?" అని అడిగింది.

"నిర్మల్ దిక్కు, చెల్లె. భోజన్న నా పేరు. శుక్రారం నాడు పెట్టినవా పసుపు?"

"అవును."

"గదే లీకు."

అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ తరువాత హేమసుందర్ నవ్వుతూ గోడకు జారగిలబడిపోయాడు. మొన్న బెల్లు కొట్టి, తలుపు తియ్యకపోతే గడప మీది మరక చూసి లీకని సర్వేలో రాసుకుపోయిన ఇష్తియాక్‌కు భోజన్న ఫోను చేశాడు.

"భాయ్, పానీ నహీ. హల్దీ హై."

"బిర్యానీలో వేసేది గుమ్మానికెందుకు?" అని అవతలి నుంచి ఉర్దూలో వినిపించింది.

"ఇంట్ల కొత్త పెళ్లికూతురుంది భాయ్," అన్నాడు భోజన్న అదే భాషలో. ఆమెకు ముబారక్ చెప్పమని, రాసింది కొట్టేస్తానని ఇష్తియాక్ జవాబు.

చరిత అతనికి పెసరట్టు పెట్టింది. గడపకు పసుపు చూసి ఆరేండ్లయిందంటూ అతను రెండోది కూడా వద్దనలేదు.

శుక్రవారం ఆమె పసుపు కలుపుతుంటే హేమసుందర్ పక్కన చతికిలబడ్డాడు.

"కాస్త పల్చగా రాయి. ఈసారి పైపే పగిలిందంటారు."

చరిత ఇంకో చెంచాడు పసుపు కలిపింది.