సూదికి ముందు ఒక పొడుపు కథ

జయరావు మాస్టారు వెబ్‌సైటు పెట్టిన మొదటి వారంలో దానికి ముగ్గురు వచ్చారు. ఒకరు ఆయనే. ఇంకొకరు భార్య ప్రేమమ్మ. మూడో మనిషెవరా అని ఆయన ఒక సాయంత్రమంతా ఆలోచించాడు. ఒంగోలు వైపు స్థిరపడ్డ పాత శిష్యుడెవరైనా అయ్యుంటాడని మురిసిపోయాడు కూడా. తీరా చూస్తే అదీ ఆయనే. ఫోనులోంచి చూసుకున్నప్పుడు, వచ్చినవాళ్ళని లెక్కపెట్టే యంత్రం ఆయన్ని వేరే మనిషి కింద కట్టేసింది.

ప్రత్తిపాడు చుట్టుపక్కల బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి జయరావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొడుపు కథలు సేకరించాడు. పిల్లల్ని అడిగి, పిల్లల అమ్మమ్మల్ని అడిగి, చర్చి అరుగు మీద కూర్చున్న వాళ్ళని అడిగి పోగేశాడు. రిటైరయ్యాక వీడియోలు చూసి సైటు కట్టడం నేర్చుకుని, వాటన్నిటినీ అందులో ఎక్కించి 'పొడుపు కథల పెట్టె' అని పేరు పెట్టాడు. ఇక లోకం వచ్చి తలుపు తడుతుందనుకున్నాడు. లోకానికి వేరే పనులున్నాయి.

ఆ దిగులంతా సుభానీ దగ్గర వెళ్ళబోసుకున్నాడు. సుభానీ లెక్కల మాస్టారు. ఇద్దరూ ఒకే బళ్ళో పనిచేసి ఒకే ఏడు రిటైరయ్యారు. ఇప్పుడు భార్య జానీబీ ఇంట్లో చీరలమ్ముతుంటే, వాటి ఫోటోలు తీసి నెట్‌లో పెట్టడం సుభానీ పని.

"ఒరేయ్, కొట్టయితే పెట్టావు గానీ సందు చివర పెట్టావురా. రోడ్డు మీద ఒక బోర్డుండొద్దా?" అన్నాడు సుభానీ.

"బోర్డంటే?"

"పుస్తకంలో గుర్తుకి కాగితం ముక్క పెట్టుకుంటాం చూడు, అలాంటిది. నెట్‌లో అందుకోసమే సైట్లున్నాయి. నచ్చిన పేజీ లింకు అక్కడ దాచుకుంటారు. నువ్వు దాచింది అందరికీ కనపడిద్ది. నచ్చితే వాళ్ళూ దాచుకుంటారు, దాన్ని పట్టుకుని నీ సైటుకొస్తారు. సోషల్ బుక్‌మార్కింగ్ అంటారులే."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏముంది? ఎన్నిచోట్ల వేస్తే అంతమంది వస్తారు. వేసెయ్."

లెక్కల మాస్టారి సూత్రం కాబట్టి జయరావు నమ్మాడు. దొరికిన ప్రతి సైటులోనూ పేరు నమోదు చేసుకున్నాడు. ప్రతి గుంపులోనూ అదే లింకు, కింద అదే వాక్యం: 'తెలుగు జాతి అమూల్య సంపద, తప్పక దర్శించండి.' వంటల గుంపులో వేశాడు. క్రికెట్ గుంపులో వేశాడు. మోటారు సైకిళ్ళు బాగుచేసుకునే వాళ్ళ గుంపులో కూడా వేశాడు. అక్కడెవరో మర్యాదగానే జవాబిచ్చారు: 'సార్, ఇక్కడ క్లచ్ ప్లేట్ల గురించి మాట్లాడుకుంటున్నామండి.'

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఒక్కో సైటూ ఆయన్ని గెంటేస్తూ పోయింది. అన్నిచోట్లా కారణం ఒకటే. స్పామ్.

"స్పామంటే ఏంటండీ?" అడిగింది ప్రేమమ్మ.

జయరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పిలవని పేరంటానికెళ్ళి, అక్కడ మన గొప్పలు మనమే చెప్పుకోవడం."

"చాలా బాగా చెప్పారు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నవ్వుకోవడానికే వెళ్ళిందని ఆయనకి తెలుసు.

రెండ్రోజులు ఆయన కంప్యూటరు ముట్టుకోలేదు. మిరపకాయలు ఎండే రోజులు. గాలి ఇటు తిరిగితే చాలు, వీధి వీధంతా తుమ్ముతోంది. ఆయన తుమ్ముల్లో కోపం కూడా కలిసింది.

మూడో రోజు ప్రేమమ్మ ఫోను ఇచ్చి, "అక్షరాలు చిన్నవైపోయినయ్, కొంచెం పెద్దవి చెయ్యండి," అంది. అది చెయ్యబోతే తెరమీద కనిపించిన పేజీ ఆయనకి బాగా తెలిసిన పేజీ. ఆయన్ని గెంటేసిన సైట్లలో ఒకటి.

"నువ్విందులో ఉన్నావా?"

"ఎప్పట్నించో. దాచుకుంటుంటానండీ, పనికొచ్చేవి."

ప్రేమమ్మ పల్లెల్లో పసిపిల్లలకి టీకాలు వేసే నర్సుగా పనిచేసింది. సబ్‌సెంటర్లు తిరిగీ తిరిగీ రిటైరైంది. ఆ పేజీలో ఆమె దాచినవన్నీ గదులు గదులుగా అమర్చి ఉన్నాయి. ఏడిపించకుండా అన్నం పెట్టడం, జ్వరం వస్తే చెయ్యాల్సినవి, ఊలు టోపీల అల్లికలు. ఒక్క పేజీ కూడా ఆమె రాసింది కాదు. అన్నీ ఎక్కడెక్కడో ఎవరెవరో రాసినవి. ఒక్కోదాని కింద ఎందుకు దాచుకుందో ఒక ముక్క రాసింది: 'కొత్తగా తల్లయిన వాళ్ళకి, భయపెట్టకుండా చెప్పారు.' 'ఈ టోపీ చెవులు మూస్తుంది.' ఆమె ఏం దాచినా చూసే వాళ్ళు వేలల్లో ఉన్నారు.

జయరావుకి ముందు ఆశ్చర్యం వేసింది. తర్వాత చిన్న అసూయ. ఆ తర్వాత ఆశ.

"ప్రేమా, నా సైటు కూడా ఇందులో దాచవా?"

"ఊహూ."

"ఊహూ ఏంటి?"

"బాగుంటే దాచేదాన్ని. నేను మంచిదంటే నమ్మి చూస్తారు వాళ్ళు. మొగుడిదని పెట్టేస్తే ఎట్టాగండీ?"

"బాగాలేదా?" ఆయన గొంతు లేచింది. "ఏం బాగాలేదు?"

"చెబితే అలగకూడదు మరి. తెరవగానే మీ ఫోటో. దాని కింద మీ సన్మానం, శాలువాతో. దాని కింద ముందుమాట. పొడుపు కథ దగ్గరికి పోయేసరికి నా వేలు నొప్పెట్టింది. పోతే, ప్రశ్న కిందే జవాబు రాసేశారు. పొడుపు కథంటే అడగాలి గదండీ. మీరు అప్పజెప్పేశారు."

అలగకూడదన్నా అలిగాడు. చెప్పులేసుకుని సుభానీ ఇంటికి వెళ్ళాడు. సుభానీ అంతా విని, చీర మడత పెడుతూ, "ఆ శాలువా ఫోటో తీసెయ్యమని నేనూ చెబుదామనుకున్నారా, నీ మొహం చూసి ఊరుకున్నా," అన్నాడు. అక్కడా ఓదార్పు దొరక్క తిరిగొచ్చేశాడు.

ఆ సాయంత్రం పక్కింటి మహిమ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పిల్లకి నాలుగేళ్ళుంటాయి. అరికాల్లో ముల్లు విరిగింది. సూది చూడగానే ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ప్రేమమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, ఏడుపు సంగతే ఎత్తకుండా అడిగింది.

"ఎర్రచొక్కా దొరగారు. కడుపునిండా పళ్ళు. మనం ఆయన్ని కొరికితే మనమే ఏడుస్తాం. ఎవరే ఆయన?"

పిల్ల ఏడుపు సగంలో ఆగింది. "కుక్కా?"

"కుక్క చొక్కా వేసుకునిద్దా?"

"పోలీసా?"

"పోలీసుని కొరుకుతామంటే? ఆలోచించు. మీ ఇంటి ముందర కుప్పలు కుప్పలున్నారు."

పిల్ల గుమ్మంలోంచి వీధిలోకి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "మిరపకాయ్!" అని అరిచేసరికి ముల్లు ప్రేమమ్మ గోటి మీదుంది.

జయరావు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె, పిల్లలకి సూది వేసేటప్పుడు అడుగుతానని ఆయన దగ్గర పొడుపు కథలు చెప్పించుకునేది. ఆ సంగతే మరిచిపోయాడు. మహిమ వెళ్ళిపోయాక వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఇందాక అడిగావే, అట్లాగే ఫోనులో చెబుతావా? రికార్డు చేస్తాను."

"అలక తీరిందా?"

"తీరలేదు. అయినా చెప్పు."

వారం రోజులు ఇద్దరూ అదే పనిలో ఉన్నారు. శాలువా ఫోటో వెళ్ళిపోయింది. ముందుమాట వెళ్ళేటప్పుడు ఆయన కాస్త బాధపడ్డాడు. ఒక్కో పొడుపు కథకీ ఒక్కో పేజీ. ప్రేమమ్మ గొంతు అడుగుతుంది, ఆగుతుంది. నొక్కితేనే జవాబు వస్తుంది. రికార్డింగులో రెండుసార్లు మిరప ఘాటుకి దగ్గొచ్చింది, ఒకసారి ట్రాక్టరు పోయింది. ట్రాక్టరుని అలాగే ఉంచేశారు. అన్నిటికీ కలిపి ఒక పేజీ కట్టి పైన రాశాడు: 'సూది వేసేటప్పుడు పిల్లల్ని అడిగే పొడుపు కథలు.'

ప్రేమమ్మ ఆ పేజీ మొదట్నించి చివరిదాకా చూసింది. తన ఫోను తీసి దాని లింకు దాచుకుంది. కింద రాసింది: 'జవాబు ఆలోచిస్తుంటే నొప్పి తెలియదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసిన పని ఇదే.' ఎవరికైనా వెతికితే దొరికేలా టీకా, పసిపిల్లలు, పొడుపు కథలు అని గుర్తు మాటలు కూడా తగిలించింది.

"మీరూ మళ్ళీ చేరండి," అంది. "ఈసారి మీది పెట్టకండి. కొన్నాళ్ళు ఊరికే చూడండి. బాగున్నవి దాచుకోండి."

ఆయన చేరాడు. గెంటేసిన వాళ్ళందరికీ క్షమాపణ రాస్తే, ప్రేమమ్మ ఉండే సైటువాళ్ళు తిరిగి రానిచ్చారు. మిగతావాళ్ళు పలకలేదు. పాత అంకెల పేర్లు, పల్నాటి వైపు పిల్లల ఆటలు, ఎవరో రాసిన సామెతలు, ఇలా కనపడ్డ మంచి పేజీలన్నీ దాచుకుంటూ పోయాడు. అవి రాసిన వాళ్ళు కొందరు ఈయనెవరా అని చూడ్డానికి వచ్చారు. కొందరు ఉండిపోయారు.

ప్రేమమ్మ దాచిన పేజీని ముందు ఒక నర్సు దాచుకుంది, తర్వాత ఆమె స్నేహితులు. పొన్నూరులో పిల్లల ఆసుపత్రిలో పనిచేసే క్రిస్టీనా అనే ఆమె కింద ఇలా రాసింది: 'మేడమ్, ఒక బాబు సూది అయిపోయినా లేవలేదండి. జవాబు చెబితేనే ఇంటికి పోతానన్నాడు.' ఆ నెలాఖరుకి సైటుకి వచ్చేవాళ్ళు ఎంతమందో చూసి జయరావు సుభానీకి ఫోను చేశాడు. అంకె విన్న సుభానీ, "దశాంశం చుక్క ఎక్కడుందో సరిగ్గా చూడరా," అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక ఉత్తరం లాంటి వ్యాఖ్య వచ్చింది. రాసినామె పేరు రిహానా. పుణెలో ఉద్యోగం. ఆఫీసులో పనిచేసే ఒకామె దాచుకున్న పేజీల్లో ఇది కనపడిందట. 'మా నాయనమ్మ మౌలాబీది మీ వైపే. సెలవులకి వచ్చినప్పుడు ఒక పొడుపు కథ అడిగేది. జవాబు చెప్పమంటే నువ్వే కనుక్కో అనేది. చెప్పకుండానే పోయింది. మీకు తెలుసేమోనని అడుగుతున్నాను. తెల్లచీర తల్లి కడుపులో నల్లపిల్లలు. తల్లి మగ్గానికి పోయింది. పిల్లలు గానుగకి పోయారు. ఎవరు వాళ్ళు?'

జయరావు గట్టిగా చదివాడు. వంటింట్లోంచి వెంటనే జవాబొచ్చింది.

"పత్తి! నల్లపిల్లలు గింజలు. నూనె తీస్తారుగా. రాసి పంపండి."

"రాస్తే ఎట్టా? అప్పజెప్పకూడదని నువ్వేగా అన్నావు."

"ఆ అమ్మాయి ఇన్నేళ్ళు ఆలోచించింది చాల్లెండి."

ఆయన చెప్పులేసుకున్నాడు. ఊరి చివర చేలో ఆఖరి తీత అయిపోయి, మోళ్ళ మీద అక్కడక్కడా పత్తి మిగిలి ఉంది. ఒక కాయ తెంపుకొచ్చాడు. ప్రేమమ్మ అరచెయ్యి చాపింది. ఆయన దూది విడదీసి, ఒక పక్క తెల్లటి దూదీ, ఇంకో పక్క గింజలూ పెట్టాడు. గింజల మీది నూగు వేళ్ళతో గిల్లితే లోపలి నలుపు కనపడింది. ఫోటో తీసి, ఒక్క మాటైనా రాయకుండా రిహానాకి పంపారు.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ఫోటో చూసి ఆఫీసులో ఉండలేక బయటికొచ్చి నిలబడ్డానని రాసింది. నాయనమ్మ పత్తి తీతకి పోయేదని, తనని గట్టున కూర్చోబెట్టి అక్కడే ఆ కథ అడిగేదని, చుట్టూ అదే ఉన్నా తనకి తట్టలేదని రాసింది. చివర్న, 'ఆమె అడిగినవి ఇంకా రెండున్నాయి. పంపనా?' అని అడిగింది.

"పంపమనండి," అంది ప్రేమమ్మ. "పేరు మాత్రం మౌలాబీ గారిది వెయ్యండి."

జయరావు అలాగే రాసి పంపి, ఆ పూటకి కంప్యూటరు కట్టేశాడు.