పదకొండు కిలోల తొమ్మిదో తరగతి

నేను ఒక కాన్వాసు సంచిని. చూడ్డానికి గొప్పగా ఉండను. ఖాకీకీ బూడిదకీ మధ్య ఏదో ఒక రంగు, రెండు వెడల్పాటి భుజంపట్టీలు, ముందొక జేబు, దానికొక ఇత్తడి గుండీ. విశాఖపట్నంలో లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే దుకాణంలో పుట్టాను. అక్కడ దాలినాయుడనే పెద్దాయన మిషను తొక్కేవాడు. సంచులు కుట్టడం ఆయన పని కాదు. ఒక లారీ కొలత తప్పి కాస్త గుడ్డ మిగిలిపోతే, పారెయ్యడానికి మనసొప్పక నన్ను కుట్టాడు. లారీ సరుకుని వానకి తడవకుండా కాపాడవలసిన గుడ్డని కదా, అలవాటు కొద్దీ నా కుట్లన్నీ రెండేసి వరసలు వేశాడు. ఆ రెండో వరసకి నేను ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెడతాను.

నన్ను మొదట తీసుకున్నది ఆ దుకాణం పక్క వీధిలో అద్దెకుండి టీచరు ట్రైనింగు చదువుతున్న భవాని. రెండేళ్ళు ఆమె చార్టులూ, రంగు పెన్సిళ్ళూ, మధ్యాహ్నం టిఫిను మోశాను. పిల్లల మీద చదువు భారం మోపకూడదని ఆమె ఒకసారి నలభై పేజీల వ్యాసం రాసింది. దానికి మంచి మార్కులే వచ్చాయి. నా వీపు మాత్రం ఆ వారమంతా లాగింది. ఉద్యోగం వచ్చాక టీచరమ్మకి హ్యాండుబ్యాగే అందమని ఆమెకి తోచింది. నన్ను ఉతికి, ఆరేసి, అనకాపల్లిలో ఉన్న అక్క కూతురికి పట్టుకెళ్ళి ఇచ్చింది.

ఆ పిల్ల పేరు నూకరత్నం. ఇంట్లో రత్నం. అప్పటికి పద్నాలుగేళ్ళు, ఊళ్ళోని ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. తండ్రి పరదేశి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర తూకందారు. తల్లి ఈశ్వరి ఇంట్లో జాకెట్లు కుట్టేది. రత్నం సాయంత్రం నాలుగున్నరకి బడి వదలగానే ఇంటికి వెళ్ళేది కాదు. నన్ను భుజాన వేసుకుని తిన్నగా మార్కెట్టుకి వెళ్ళేది. తండ్రి తూచబోయే బెల్లం దిమ్మ వంక ఒకసారి చూసి, దాని బరువెంతో ముందే చెప్పేది. అంకె అటూ ఇటూగా సరిపోయేది. సరిపోయినప్పుడల్లా పరదేశి చుట్టూ ఉన్న, దిమ్మలు మోసే కళాసీల వంక చూసేవాడు. మాట అనేవాడు కాదు, చూసేవాడు. అంతే. ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళు చెరొక బెల్లం ముక్కా చప్పరిస్తూ ఇల్లు చేరేవారు. నా అడుగున ఎప్పుడూ కాస్త బెల్లం పొడి ఉండేది. చీమలతో నాకు పాత స్నేహం.

దసరా సెలవులయ్యాక బడిలో ఒక పరీక్ష పెట్టి, తొమ్మిదో తరగతిలో ముప్ఫైమందిని ఏరారు. వాళ్ళకి అడ్వాన్సు సెక్షనని ఒక కొత్త గది ఇచ్చారు. పై తరగతుల లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఇప్పటినుంచే చెబుతారట. పొద్దున్న ఏడింటికి రావాలి, సాయంత్రం ఆరున్నరకి వెళ్ళాలి. ఆటల పీరియడు ఉండదు. నెల రోజులు కూర్చుని చూడవచ్చు. నవంబరు ఆఖరుకి మాత్రం తల్లిదండ్రులు సంతకం పెట్టిన ఉత్తరం ఇవ్వాలి. ఉంటే పదో తరగతి అయ్యేదాకా ఉండాలి, లేకపోతే ఇప్పుడే మానాలి.

ముప్ఫైమందిలో రత్నం పేరు నాలుగోది. పరదేశి ఆ కాగితాన్ని మార్కెట్లో జేబులోంచి తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి చూసుకున్నాడు. ఆయన చదువు ఏడో తరగతి మధ్యలో ఆగిపోయింది.

నాకు మాత్రం ఆ మర్నాడే సంగతి అర్థమైంది. ఆరు కొత్త పుస్తకాలు నాలోకి దిగాయి. ఒక్కొక్కటీ ఇటుక. వాటితోపాటు బిట్లు కాపీ చేసుకోవడానికి ఆరు నోటుపుస్తకాలు, పాత పుస్తకాలు, రెండు పూటలకి క్యారేజీ, నీళ్ళ సీసా. పదో రోజున కుడి భుజంపట్టీ ఒక వరస తెగింది. దాలినాయుడి రెండో వరస నిలబెట్టింది. ఈశ్వరి మిషను మీద పట్టీ కుడుతూ కూతురి భుజం వంక చూసింది. అక్కడ ఎర్రగా వాత తేలింది.

"ఏటే ఇది, సదువా, కూలి పనా?" అంది.

"అందరూ మోస్తున్నారు కదమ్మా" అంది రత్నం.

ఒక ఆదివారం పరదేశి నన్ను మార్కెట్టుకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టాడు. పదకొండు కిలోల రెండు వందల గ్రాములు. ఆయన ఇంకోసారి తూచాడు. అంతే వచ్చింది. కళాసీల్లో ఒకాయన వచ్చి నన్ను లేపి చూసి, "ఇది దిమ్మే బాబూ, మూట కట్టీవచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. పరదేశి నవ్వలేదు.

నా బరువొక్కటే గొడవైతే ఈ కథ అక్కడితో తేలిపోయేది. రత్నానికి ఆ గదిలో ఒక్క క్లాసంటే ప్రాణం లేచొచ్చేది. ఏడింటికి మొదలయ్యే కామేశం మాస్టారి లెక్కల క్లాసు. ఆయన పుస్తకం తెరవడం తక్కువ. ఒక లెక్క చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడేవారు. పిల్లలే తిప్పలు పడాలి. మిగతా పదిన్నర గంటలూ వేరు. బిట్లు చదవడం, బిట్లు రాయడం, రాసినవి దిద్దుకోవడం. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కంచం ముందే కునికిపాట్లు పడేది. మార్కెట్టుకి వెళ్ళడం ఆగిపోయింది. నాలోంచి చీమలు కూడా వెళ్ళిపోయాయి.

పక్కన కూర్చునే యామినికి ఇవేవీ కష్టమనిపించేవి కావు. ఆ పిల్ల డాక్టరు కావాలని ఐదో తరగతిలోనే తేల్చుకుంది. ఎంత పని ఇస్తే అంత ఉత్సాహంగా చేసేది. యామినిని చూసి రత్నం తనలోనే ఏదో లోపం ఉందనుకునేది.

నవంబరు మూడోవారంలో కామేశం మాస్టారు ఒక లెక్క ఇచ్చారు. "ఒక త్రాసు ఉంది. ఒక కిలో నుంచి నలభై కిలోల దాకా ఏ బరువైనా తూచాలి. అందుకు మీ దగ్గర ఉండాల్సినవి నాలుగే రాళ్ళు. అవేవి?"

రత్నం మూడు రోజులు తన్నుకులాడింది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని మొదలుపెడితే ఆరు రాళ్ళు కావలసి వచ్చాయి. నాలుగుకి దింపుదామంటే లొంగదు. ఆదివారం ఆ కాగితం పట్టుకుని, నన్ను తగిలించుకుని, చాలా రోజుల తర్వాత మార్కెట్టుకి వెళ్ళింది. కరెంటు పోయి కాటా ఆగిపోయింది. పరదేశి మూలనున్న పాత త్రాసు తీసి ఎవరికో నాలుగు కిలోల బెల్లం తూస్తున్నాడు. రెండు కిలోల రాళ్ళు ఎవరో పట్టుకెళ్ళారు. ఆయన వెతకలేదు. ఇటు తట్టలో ఐదు కిలోల రాయి వేశాడు. అటు తట్టలో బెల్లంతోపాటు ఒక కిలో రాయి పడేశాడు. ముల్లు నిలబడింది. ఆ కిలో రాయి తీసేసి బెల్లం ఇచ్చేశాడు.

రత్నం త్రాసు దగ్గరకి వచ్చింది.

"నాన్నా, ఇప్పుడేటి చేశావు?"

"నాలుగు కిలోలు తూసేను. ఏటి?"

"రాయిని బెల్లం పక్కన ఎందుకు వేశావు?"

"ఐదులో ఒకటి పోతే నాలుగే కదమ్మా. రోజూ సేసే పనే. ఇది లెక్కేటి?"

రత్నం కింద కూర్చుని నన్ను బల్లలా ఒళ్ళో పెట్టుకుంది. రాళ్ళని సరుకు పక్కన కూడా వెయ్యొచ్చని తెలిశాక, దారి తెరుచుకుంది. ఒకటి, మూడు. ఆ రెండింటితో నాలుగు దాకా వస్తుంది. తర్వాత తొమ్మిది. ఆ తర్వాత ఇరవై ఏడు. పరదేశి పనాపి పక్కన చతికిలబడ్డాడు. ఆయన ఒక అంకె అనేవాడు, ఆమె రాళ్ళు ఎటు వెయ్యాలో చెప్పేది. "ఇరవై రెండు." "ఇటు ఇరవై ఏడు, నాలుగు రాళ్ళలో ఒకటీ... లేదు, ఉండు... ఇటు ఇరవై ఏడు, ఒకటి. అటు సరుకుతో తొమ్మిది... ఊహూఁ, పంతొమ్మిదొచ్చింది. అయితే మూడు కూడా ఇటే." నలభై దాకా వెళ్ళారు. కరెంటు వచ్చినా కాటా దగ్గరకి ఎవరూ వెళ్ళలేదు. కళాసీలు చుట్టూ మూగారు.

"ఇన్నేళ్ళు తూకం దగ్గరున్నాను. నాలుగు రాళ్ళతో అయిపోద్దని ఎవుడూ సెప్పలేదే" అన్నాడు పరదేశి. ఆయన మొహం అంత వెలుగుగా నేను అంతకు ముందు చూడలేదు.

ఆ వారమే ఉత్తరం ఇవ్వవలసిన గడువు. రత్నం నాలో ఉన్నవన్నీ నేల మీద కుప్ప పోసింది. ఎవరూ అడక్కపోయినా తాను తెరిచే పుస్తకాలు ఒకవైపు, మిగతావి ఒకవైపు పెట్టింది. ఒకవైపు ఒకే ఒక్క పుస్తకం నిలిచింది. అది లెక్కలది. తర్వాత తండ్రి దగ్గరకి వెళ్ళి, "నాన్నా, లెక్కలొక్కటే చదువుతాను. మిగిలినవి మామూలు సెక్షన్లో చాలు. నాకు ఆటలు కావాలి, మార్కెట్టుకి రావాలి" అంది.

పరదేశికి ఆ మాట మింగుడు పడలేదని నాకు తెలుసు. జేబులో ఆ కాగితం ఇంకా ఉంది. అయినా మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూతురితో బడికి వచ్చాడు.

ప్రిన్సిపాలు శకుంతల మేడం చెడ్డమనిషి కాదు. అన్నీ సాంతం విన్నాకే తల అడ్డంగా ఊపారు.

"అలా కుదరదండి. ఇది హోటలా, కూరొద్దు పప్పు చాలనడానికి?"

"హోటల్లో కూడా వొద్దన్న కూర వొడ్డించరండి మేడమ్ గారూ" అన్నాడు పరదేశి, చేతులు కట్టుకునే.

మేడం నవ్వాపుకున్నారు గాని, మాట మార్చలేదు. ఒకరికి ఒప్పుకుంటే ముప్ఫైమందీ అడుగుతారన్నారు. అది నిజమే. అక్కడే ఉన్న కామేశం మాస్టారు, సెక్షన్లో పేరు లేకపోయినా తన క్లాసు వరకు కూర్చోనివ్వమని అడిగి చూశారు. అదీ కాదన్నారు. అందరూ రత్నం వంక చూశారు. ఆ పిల్ల వేళ్ళు నా పట్టీని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలుసు.

"అయితే మామూలు సెక్షన్లోనే ఉంటానండి" అంది.

ఇంటికొచ్చాక రత్నం ఏడ్చింది. ఉన్న ఒక్క మంచి క్లాసూ తన చేతులారా పోగొట్టుకున్నానంది. తప్పు చేశానా అని అడిగింది.

"తప్పో ఒప్పో ఇప్పుడే ఎలగ తెలుస్తాది? తేల్చుకున్నావు కదా, నాకది సాలు. లే, అన్నం తిను" అన్నాడు పరదేశి. ఆ పూట ఆయనే వడ్డించాడు.

ఆ శనివారం ఇంటర్వల్లో కామేశం మాస్టారు రత్నాన్ని పిలిచి మడతపెట్టిన కాగితం ఇచ్చారు. అందులో ఒకే లెక్క ఉంది. తొమ్మిది దిమ్మలు, చూపుకి ఒకేలా ఉంటాయి, ఒకటి మాత్రం కాస్త తేలిక. త్రాసు రెండుసార్లే వాడి అదేదో పట్టుకోవాలి. నాలుగు రాళ్ళ లెక్క ఎక్కడ తేలిందో తనే చెప్పింది కాబట్టి, ఆయన దిమ్మలని ఎందుకు రాశారో రత్నానికి తెలుసు. ఆ కాగితం తనొక్కత్తే ఉంచుకోకుండా మామూలు సెక్షను బోర్డు మీద రాసేసింది.

ఆ సెక్షన్లో నలభైయారుమంది. లెక్కలు తమకి రావని వాళ్ళలో చాలామందికి గట్టి నమ్మకం. మొదట ఎవరూ పట్టించుకోలేదు. సోమవారం మధ్యాహ్నం ఇద్దరు బోర్డు దగ్గర వాదించుకుంటున్నారు. బుధవారానికి తొమ్మిది టిఫిను డబ్బాలు బల్ల మీదకి చేరాయి. శుక్రవారం, ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్ల వెనక బెంచీ నుంచి లేచి వచ్చి, డబ్బాలని మూడేసి చొప్పున మూడు కుప్పలు చేసి, ముందు తేలికైన కుప్ప, తర్వాత అందులో తేలికైన డబ్బా పట్టుకోవాలని చెప్పేసింది. గదంతా చప్పట్లు కొట్టారు. పక్క గదిలోంచి అడ్వాన్సు సెక్షను పిల్లలు తలుపు దగ్గరకొచ్చి తొంగిచూశారు. యామిని వాళ్ళలో ముందుంది.

అప్పటినుంచి శనివారం కాగితం కోసం బడి సగం ఎదురుచూసేది. జనవరిలో ఒకరోజు శకుంతల మేడం వరండాలో ఆగి, బోర్డు మీది లెక్క చదివి, పెదాలు కదుపుతూ వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, జవాబు సరైందో కాదో రత్నాన్ని గుట్టుగా అడిగారు. ఆ నెలాఖరుకి శనివారం ఆఖరి పీరియడు కామేశం మాస్టారిదైంది. ఏ సెక్షను వాళ్ళైనా రావచ్చు. కూర్చోడానికి చోటు చాలక వరండాలో చాపలు వేశారు. యామిని తన సెక్షన్లో సుఖంగానే ఉంది, ఆ పిల్లకి అదే తగినది. రత్నానికి ఇది తగింది. నేను సంచిని, నాకు తెలిసినంతలో ఒకే పుస్తకం ఒక భుజానికి బరువు, ఇంకో భుజానికి కాదు.

పదో తరగతి అయ్యాక రత్నం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరింది. భవాని ఆమెకి కొత్త సంచి కొనిపెట్టింది. నన్ను మేకుకి తగిలించారు. నాకేమీ బాధ లేదు. ఇక విశ్రాంతి అనుకున్నాను.

అయితే ఇన్నాళ్ళూ ప్రతి శనివారం సాయంత్రం, "ఈ వారం లెక్క ఏటమ్మా?" అని మొదట అడిగింది పరదేశి అన్న సంగతి ఎవరూ అంతగా గమనించలేదు. జూలైలో ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి దరఖాస్తు పెట్టాడు. అక్కడ కాగితాలు తీసుకునే ఆయన, "ఈ వయసులో లెక్కలెందుకండీ, మానేసి తేలికైనది ఇంకోటి పెట్టుకోండి" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఈశ్వరి కూడా నిజమే కదా అంది. తేల్చుకోవలసింది నాన్నేనని రత్నం మాత్రం ఊరుకుంది.

మొదటి ఆదివారం క్లాసుకి పరదేశి నన్ను మేకు మీంచి దింపాడు. దుమ్ము దులిపి ఐదు పుస్తకాలు సర్దాడు. లెక్కల పుస్తకం అన్నిటికంటే పైన పెట్టాడు. ప్రభుత్వ హైస్కూల్లో గది, పిల్లల బెంచీలు. మోకాళ్ళు బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి కూర్చున్నాడు. కుర్ర మాస్టారు హాజరు పిలిచాడు.

"కాండ్రేగుల పరదేశి."

"ఉన్నానండి" అని ఆయన లేచి నిలబడ్డాడు. ముందు బెంచీ ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆయనా నవ్వేశాడు.

మాస్టారు బోర్డు మీద మొదటి లెక్క వేసి ఇటు తిరిగేసరికి, పరదేశి చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.