తెలియజేయవలసిన వ్యక్తి

మధ్యాహ్నం మూడు గంటలకు, తాగి బండి నడిపిన నేరం కింద నన్ను పట్టుకున్నారు. నేను తాగలేదు. మానేసి పద్నాలుగు నెలలైంది. ఈ మాట నమ్మేవాళ్లు ఆ రోడ్డు మీద ఒక్కరూ లేరు, నెమ్మదిగా నమ్మించే ఓపిక నాకూ లేదు. మొదటినుంచీ నా కోపం ముక్కు మీదే ఉంటుంది.

నేను చెక్క సామాన్లకు పాలిష్ పెడతాను. లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి, గుడ్డ ఉండను అందులో తడిపి, పూత మీద పూత వేయాలి. దుమ్ము పడకూడదు కాబట్టి తలుపులు మూసుకుని చేస్తాం. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో సీసా ఉంటే బిరడా ఎక్కడ పెట్టుకోవాలి? పళ్ల మధ్య. నాకు పని నేర్పిన మేస్త్రి అలాగే చేసేవాడు, ఇరవై ఏళ్లుగా నేనూ అంతే. ఆ రోజు బీరువా తలుపుకు మడతబందులు రెండు తక్కువ పడ్డాయి. నోట్లోని బిరడా తీసి సీసాకు బిగించి, మూతి కూడా తుడుచుకోకుండా స్కూటరెక్కాను. రెండు వీధులు దాటానో లేదో, కూడలిలో ఒక పోలీసు గొట్టం ముందుకు చాచి ఊదమన్నాడు. ఊదాను. యంత్రం కుయ్యిమంది.

బుద్ధున్నవాడైతే "అయ్యా, నా పని ఇదీ, మూతికి బిరడా స్పిరిట్ అంటింది, నోరు పుక్కిలించి పావుగంట ఆగి మళ్లీ ఊదుతాను" అని చెప్పుకునేవాడు. నేను నా హక్కులు అప్పజెప్పడం మొదలుపెట్టాను.

ఆ హక్కులు నాకు నేర్పింది నా బావమరిది. ఒక వకీలు దగ్గర గుమాస్తా. వాళ్లక్క నన్ను వదిలిపోయినా వాడు మాత్రం వదల్లేదు. ఒకసారి నా దుకాణానికి వచ్చి, "బావా, పోయినసారి కాగితం చదవకుండానే సంతకం పెట్టొచ్చావు. ఇకమీద తాగినా తాగకపోయినా ఇవి గుర్తుంచుకో" అంటూ, వేరే కాగితం దొరక్క చెక్క రుద్దే గరుకు కాగితం వెనకవైపు ఆరు ముక్కలు రాసిచ్చాడు. ఎందుకు పట్టుకున్నారో అడగాలి. యంత్రంలో పడిన అంకె చూపించమనాలి. అది తప్పనిపిస్తే రక్తపరీక్ష కోరాలి. వకీలుతో మాట్లాడతాననాలి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు. ఇక ఆరోది, మనవాళ్లలో ఒకరికి కబురు చెప్పమనాలి. చెప్పి తీరాలట, అది వాళ్ల బాధ్యతట.

ఆరూ నడిరోడ్డు మీద ఒక్క ఊపిరిలో చదివేశాను. పోగైనవాళ్లు నవ్వారు. పోలీసు కూడా నవ్వి, "ఇన్ని హక్కులు కంఠతా వచ్చాయంటే, ఇదివరకు ఎన్నిసార్లు పట్టుబడ్డావయ్యా?" అన్నాడు.

"ఒక్కసారి" అన్నాను. యథార్థవాది లోకవిరోధి అంటారు. నాకు లోకం దాకా అక్కర్లేకపోయింది, ఆ ఒక్క పోలీసు చాలు. స్కూటరుతో సహా స్టేషనుకు తీసుకుపోయారు.

అక్కడ బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న పెద్ద వయసు పోలీసొకడు వివరాలు రాసుకుంటున్నాడు. కలం ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో బల్లకు కట్టి ఉంది. పేరు, పని, చిరునామా అడిగాడు. రక్తపరీక్ష కావాలా అంటే కావాలన్నాను. వకీలు కావాలా అంటే కావాలన్నాను. నా జోరు చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎవరికి కబురు చెప్పాలి?"

నా చూపు కలానికి కట్టిన దారం మీదికి పోయింది.

రెండేళ్ల కిందట, ఇలాంటి బల్ల దగ్గరే, ఇదే ప్రశ్న నన్ను అడిగారు. అప్పుడు నిజంగానే తాగి ఉన్నాను. సిగ్గుతో తల దించుకుని "ఎవరూ లేరు" అన్నాను. వాళ్లు అదే రాసుకున్నారు. నేను ఇంటికి రాకపోయేసరికి నా భార్య ఆసుపత్రులన్నీ తిరిగింది. వార్డుల్లో ప్రతి మంచం దగ్గరా ఆగి, నేనేనేమోనని ముఖాలు చూసింది. చివరికి మర్నాడు మధ్యాహ్నం తమ్ముణ్ని వెంటబెట్టుకుని స్టేషనుకు వచ్చింది. నేను చదవని కాగితం ఆమె చదివింది. "తెలియజేయవలసిన వ్యక్తి" అన్నచోట "ఎవరూ లేరు" అని ఉంది.

తాగినందుకు ఆమె ఏమీ అనలేదు. దానికైతే పదేళ్లుగా తిడుతూనే ఉంది, తిడుతూనే అన్నం పెట్టింది. "నేను లేనా?" అని మాత్రం అడిగింది. ఆ వారంలోనే కుట్టుమిషను ఆటోలో వేసుకుని తన అక్క ఇంటికి వెళ్లిపోయింది.

మిషను ఉన్నచోట నేలమీద నాలుగు కాళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. అక్కడ నేనేమీ పెట్టలేదు. ఇప్పటికీ ఊడుస్తుంటే గచ్చు సందుల్లోంచి దారం పోగులు వస్తాయి, పారేయబుద్ధి కాదు. బజారులో ఎక్కడైనా మిషను చప్పుడు వినబడితే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆమె తిట్లు కూడా లేని ఇంట్లో ఎలా ఉండాలో నాకు చేతకాలేదు. తాగుడు మానాక చాలాసార్లు ఫోన్ తీశాను. ఎలా ఉన్నావని అడగడానికి మొహం చెల్లక మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"ఏమయ్యా, ఎవరూ లేరని రాసుకోనా?" అన్నాడు కళ్లజోడు పోలీసు.

"వద్దు!" అని అరిచాను. గదిలో వాళ్లంతా నావైపు చూశారు.

బావమరిదికి చెప్పమంటే సులువుగా పోయేది. వాడికి ఈ పనులు తెలుసు, గుట్టుగానూ ఉంటాడు. ఆమెకు చెబితే వీడిక మారడనుకుంటుంది. ఈ పద్నాలుగు నెలలూ బూడిదలో పోసిన పన్నీరవుతాయి, ఇక ఎప్పటికీ తిరిగి రాదు. చెప్పకపోతే మాత్రం నా లెక్కలో ఆమె రెండోసారి కూడా లేనట్టే. అది నావల్ల కాలేదు.

"నా భార్యకు చెప్పండి" అన్నాను. ఆమె నంబరు చూడకుండా చెప్పాను.

ఆయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ ఆయన తాగి బండి నడుపుతూ దొరికాడు."

"తాగలేదని చెప్పండి సార్!"

"అది రక్తం చెబుతుంది, నువ్వు కూర్చో." ఇంకో క్షణం విని ఫోన్ పెట్టేశాడు.

"ఏమంది సార్?"

"సరే అంది."

"ఎలాంటి సరే?"

"సరేలో రకాలుంటాయా?"

"మీకు పెళ్లి కాలేదా సార్?"

ఆయన నవ్వాపుకోలేక కాగితాల్లోకి తల దించేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వస్తానన్న సరేనా, చావు అన్న సరేనా?

రక్తం తీయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సు స్పిరిట్ దూదితో నా చెయ్యి తుడవబోయింది. "అమ్మా తల్లీ, ఆ స్పిరిట్ వల్లే ఇంతదాకా వచ్చాను, అది మాత్రం వద్దు" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నిజమేనని ఆమె సబ్బు నీళ్లతో తుడిచి, రక్తం తీసి, నా ముందే సీసాకు సీలు వేసింది. ఫలితానికి మూడు రోజులు పడుతుందంది.

తిరిగి వచ్చేసరికి స్టేషను బెంచీ మీద నా భార్య కూర్చుని ఉంది.

మిషను ముందునుంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఆ తెలుపు నేను లేనప్పుడు వచ్చిందని నాకు ఎక్కడో కలుక్కుమంది. దగ్గరికి వెళ్లి కూర్చోవాలనిపించింది, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, దెబ్బలేమీ లేవని నిర్ధారించుకుని, కళ్లు తిప్పుకుంది.

జామీను కాగితం ఇచ్చారు. నేను సంతకం పెట్టబోతే, "చదువు" అంది. ఇద్దరం చదివాం. వరసలన్నీ చూపుడువేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది. "తెలియజేయవలసిన వ్యక్తి" అన్నచోట ఆమె పేరుంది. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత కలం తీసుకుని, పూచీదారు సంతకం పెట్టింది.

బయటికి వచ్చి బస్సు ఆగేచోట నిలబడ్డాం. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది.

"మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. నేను చుక్క ముట్టలేదని అప్పుడు తెలుస్తుంది నీకు" అన్నాను.

"నేనడిగానా?"

"అడగవా మరి?"

"బస్సెక్కినప్పుడు తాగావనే అనుకున్నా. దిగేదాకా తిట్టుకుంటూనే వచ్చా."

నాకు ఒళ్లు మండింది. పద్నాలుగు నెలలు కళ్లముందు తిరిగాయి. "అంత నమ్మకం లేనిదానివి ఎందుకొచ్చావు?"

"నన్ను పిలిచావు కనక" అంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె తాగుబోతు కోసమే బయల్దేరింది. తాగనివాడి కోసమైతే ఎవరైనా వస్తారు. బస్సు కోసం నిలుచున్న అంతమందిలో, సిగ్గు విడిచి, "ఇంటికొస్తావా?" అని అడిగేశాను.

ఆమె మెడలోని టేపు తీసి వేళ్లకు చుట్టడం మొదలుపెట్టింది. కొసదాకా చుట్టేసింది. బస్సు వచ్చింది.

"ఇవాళ కాదు" అని చెప్పి ఎక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఇవాళ కాదు అంది, రాను అనలేదు. రక్తం సంగతికి మూడు రోజులన్నారు. దీనికి ఎన్నాళ్లో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. స్కూటరు స్టేషనులోనే ఉంది. ఇంటిదాకా నడుచుకుంటూ వెళ్లి, మిషను ఉండే చోటు తడిగుడ్డతో తుడిచాను.