కదలని నేల

సూపర్ కంప్యూటర్ల జాతీయ పరిశోధన కేంద్రం తన ఊరు భూపాలపల్లికి రావాలని స్థలం వెతికింది విజయే. ఆ యంత్రాలకు కదలని నేల కావాలి. ఇక్కడ అదురే లేదని, చూడవచ్చిన శాస్త్రవేత్తకు ఆమె గట్టిగా చెబుతోంది.

ఆయన ఉన్నట్టుండి ఉలిక్కిపడి పక్కనున్న గోడ పట్టుకున్నాడు.

"ఏమైంది సార్?" విజయకు నిజంగానే ఏమీ తెలియలేదు.

చాయ్ తెచ్చిన పెంటమ్మ నవ్వింది. "ఏం గాలె సారూ, బొగ్గు బాయిల బ్లాస్టింగ్. కొత్తోళ్లు గిట్లనే గోడలు పట్టుకుంటరు."

ఆ అదురు చిన్ననాడే విజయ ఒంట్లో కలిసిపోయింది. లేదని నమ్మే చెప్పింది.

"రోజూ ఉంటుందా?" అడిగాడాయన.

'లేదు' అని చెబితే కేంద్రం దక్కవచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"రోజూ సార్. ఈ స్థలం పనికిరాదు."

"మనకు అలవాటు గాలేదా బిడ్డా, గా మిషన్లకు గాదా?" అంది పెంటమ్మ.

"కాదవ్వా," అంది విజయ, ఆయన కారు వైపు నడుస్తుంటే చూస్తూ.