ఫ్లెక్సీలో సైనికుడు

...అలాగని ఇది భయం కూడా కాదు. భయమైతే గుర్తుపట్టగలను, పదిహేనేళ్లుగా బి.ఎడ్. విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం చెబుతూ దాని లక్షణాలు బోర్డు మీద రాస్తున్నవాణ్ణి. అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం, పని వాయిదా వేయడం. మూడూ నాలో ఉన్నాయి. కానీ మే నెలలో అమలాపురంలో మొదటి రెండూ అందరికీ ఉంటాయి. కాబట్టి నా మీద రుజువైనది మూడోది ఒక్కటే.

టెరిటోరియల్ ఆర్మీ ఆన్‌లైన్ దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు. ఉద్యోగం మానక్కర్లేదు. ఏడాదిలో కొన్ని వారాలు శిక్షణ, అవసరమైతే పిలుపు, మిగతా కాలం ఎవరి పని వాళ్లది. నలభై రెండు నిండితే మాత్రం తీసుకోరు. నాకు మూడు నెలల్లో నిండుతాయి. అంటే సైనికుణ్ణి కావాలో వద్దో తేల్చుకోవడానికి, మీసం మొలిచినప్పటి నుంచి లెక్కేస్తే, ఇరవై మూడేళ్లు తీసుకున్నాను.

నేను తేల్చుకోకముందే గంగరాజు తేల్చేశాడు. అతనిది మా కాలేజీ పక్కన ఫ్లెక్సీల షాపు. టీ తాగుతూ "ఆలోచిస్తున్నానండి" అన్నాను, అంతే. మర్నాటికి బస్టాండు దగ్గర పదడుగుల ఫ్లెక్సీ లేచింది: 'దేశ రక్షణకు కదిలిన మా సూర్యప్రకాశం మాస్టారికి శుభాకాంక్షలు.' ఎవరిదో యూనిఫాం, ఎవరిదో తుపాకీ, పైన కళ్లజోడుతో నా తల. కింద చిన్న గుండ్రటి ఫొటోల్లో శుభాకాంక్షలు చెబుతున్న పదకొండు మంది. వాళ్లలో ముగ్గురెవరో నాకు తెలియదు.

"గంగరాజు గారూ, నేనింకా అప్లై చెయ్యలేదండి."

"చేస్తారు కదండీ."

"చెయ్యకపోతే?"

"తీసేద్దాం లెండి. మొన్నొకాయనకి వార్డు మెంబరు అవ్వకముందే వేశామండి. ఓడిపోయాడు. ఫ్లెక్సీ మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందండి, ఆయ్."

ఆనాటి నుంచి దారిలో నాకు సెల్యూట్లు. తిరిగి సెల్యూట్ చేయాలో నమస్కారం పెట్టాలో తేలక, నా చెయ్యి నుదుటి దాకా వెళ్లి జుట్టు సర్దుకుని దిగుతోంది. ఇప్పుడు దరఖాస్తు పెడితే ఫ్లెక్సీకి లొంగినట్టు. పెట్టకపోతే పిరికివాణ్ణి. పెట్టి, ఎంపిక కాకపోతే పరువు దక్కుతుంది. ఆ పరువు కోసమే పెట్టాలనిపిస్తోందేమోనని ఇంకో అనుమానం. ఇలాంటి అనుమానాలు నాకు అడ్డంకులు కావు. కాళ్లు చాపుకోవడానికి దొరికిన అరుగులు.

అసలు సంగతి వేరే ఉంది. నిరుడు వరదల్లో లంక గ్రామాల వాళ్లను పడవల మీద గట్టుకు చేరుస్తుంటే చూడ్డానికి వెళ్లాను. నిజంగా చూడ్డానికే. యూనిఫాంలో ఉన్న ఒకతను ఒక ముసలావిడను చేతుల మీద మోసుకొస్తూ, "కాస్త పక్కకు జరగండి సార్" అన్నాడు. జరిగాను. ఆ పక్కన చాలామందిమి ఉన్నాం, ఫోన్లు పైకెత్తి. అతని మాటలో తిట్టు లేదు. దాన్ని తిట్టుగా మార్చుకోవాలని ఏడాదిగా శ్రమించాను. తిట్టయితే అతని మీద కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు. పక్కకు జరగడం నాకు ఎంత సులువుగా వచ్చిందో, అదే మింగుడుపడటం లేదు.

"ఏవండీ, ఇంకా ఆ ఫారం ముందే ఉన్నారా?" నా భార్య శ్రీదుర్గ కుట్టుమిషను ఆపి లేచింది.

"ఛాతీ కొలత అడుగుతున్నారు."

"దానికోసమా పొద్దున్నించీ? టేపు నా మెళ్లోనే ఉంది కదా."

"కొలత కాదు దుర్గా. అసలు నేనెందుకు వెళ్లాలనుకుంటున్నానో..."

"అది కూడా రాయమన్నారా అందులో?"

వెతికాను. రాయమనలేదు.

"అయితే చొక్కా విప్పండి. మీరెళ్తే నాకు భయమే. వెళ్లకుండా జీవితాంతం ఇదే మొహం పెట్టుకుని కూర్చుంటారేమోనని ఇంకా భయం."

విప్పి, చేతులెత్తి నిలబడ్డాను. టేపు వీపు మీదుగా చుట్టుకొచ్చింది. ఆవిడ అంకె చూడకుండా నా మొహం చూసింది.

"పొట్ట లోపలికి లాగి ఎంతసేపుంటారు? ఊపిరి వదలండి, కొలత తప్పొస్తుంది."

వదిలాను. చాలాసేపే వచ్చింది. ఆవిడ చెప్పిన అంకె నేననుకున్నదానికంటే చిన్నది. ఇంకో రెండు కలిపి వేద్దామా అని వేలు కాసేపు తారాడింది. ఆవిడ చెప్పిందే వేసి, 'పంపు' అన్నచోట నొక్కాను.