మూడు చెంచా దెబ్బలు

రోగం కాకపోతే మరేమిటి, పదకొండు రోజులుగా తిండి ముట్టని జంతువుకి రోగం కాక రాగం వస్తుందా, అనుకుంటూ డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది, కిటికీలోంచి ఎలుగుబంటి కనిపిస్తూనే ఉంది, కొత్త నీటిగుంట దగ్గర కాదు, కొత్త చెట్టు మొద్దు దగ్గర కాదు, ఆ మూల ఇనుప తలుపు దగ్గరే, ఎడమకొక ఊపు, కుడికొక ఊపు, ఆ ఊపుకి పుస్తకాల్లో పేరుంది, కాగితం మీద గడి కూడా ఉంది, తనని ఈ పరాయి దేశపు జూకి పంపిన సంస్థ వాళ్లు అచ్చు వేయించిన కాగితం, మూడే మూడు గడులు, రోగం, భయం, పాత అలవాటు, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి ఐదింటికల్లా డైరెక్టరు బల్ల మీద ఉంచాలి, రోగం అంటే రేపు పొద్దున సూది, నొప్పి తెలియదు, నిద్రపోతుంది, ఇక లేవదు, ఆ సూది తన చేత్తో ఎన్నింటికి ఇవ్వలేదు, కానీ రక్తం శుభ్రంగా ఉంది, పళ్లు బాగున్నాయి, కడుపులో గడ్డ లేదు, కళ్లకి శుక్లాలు తప్ప ఇంకో వంక లేదు, నిన్న డైరెక్టరు నవ్వుతూనే అన్నాడు, మీరు రాకముందు అది తిండి దగ్గర ఒక్కరోజూ పేచీ పెట్టలేదు డాక్టర్ గారూ అని, నవ్వుతూ అనే మాటలే లోతుగా దిగుతాయి.

నిజమే, తను రాకముందు అది స్నానాలగదంత సిమెంటు బోనులో ఉండేది, తన మలంలో తనే పడుకునేది, చూడటానికి వచ్చినవాళ్లు చిప్స్ పొట్లాలు విసిరేవాళ్లు, తనే నాలుగు నెలలు కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, చెవిలో జోరీగలా పోరి, పాత ఇనుప తలుపు ఒక్కటే ఉంచి గోడ పడగొట్టించింది, మట్టి పోయించింది, గుంట తవ్వించింది, కొత్త చోటికి మార్చిన రోజున ఫొటో తీసి అందరికీ పంపింది, అక్కకి కూడా పంపింది, అక్క బాగుంది అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది, ఇదివరకైతే పది అడిగేది, దానికి పేరేంటి, ఏం తింటుంది, నువ్వేం తింటున్నావు, అని, పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందట, తన పందిరి సంగతీ అలాగే అయింది, ఆ రోజు నుంచే ఎలుగు తిండి మానేసింది, క్యారెట్లు వాడిపోయాయి, ఆపిల్ పళ్ల మీద చీమలు పట్టాయి, కొత్త చోటు పడలేదన్నారు అందరూ, తనూ అదే అనుకుంది, అలవాటు పడుతుందిలే అంది, మూడు రోజులన్నది వారం అయింది, వారం దాటింది, ఇప్పుడు దాని వీపు మీద ఎముకలు ఇక్కడి నుంచే లెక్కపెట్టవచ్చు.

మధ్యాహ్నం తినాల్సిన రొట్టె డబ్బాలో అలాగే ఉంది, ఆకలి లేక కాదు, తినమని ఎవరూ అనకపోతే తినాలనిపించదు తనకి, ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం గారాబమో, అమ్మ పోయాక అక్కే పెంచింది, అక్కకి గొంతు లేదు, చిన్నప్పుడు ఏదో జ్వరానికి బొంగురుపోయి మళ్లీ తేరుకోలేదు, మేడ మీద కుక్కపిల్లలతో కూర్చున్న చెల్లెల్ని అరిచి పిలవలేదు కాబట్టి, అని ఆలోచన అక్కడిదాకా వెళ్లేసరికి దుబాసీ అమ్మాయి టీ కప్పుతో లోపలికి వచ్చింది, ఆ అమ్మాయి లేకపోతే ఇక్కడి భాషలో మంచినీళ్లు కూడా అడగలేదు తను, పంచదార కలిపి, చెంచాకున్న చుక్కలు రాలేలా కప్పు అంచు మీద కొట్టింది, ఠంగ్, ఠంగ్, ఠంగ్, మూడుసార్లు.

వస్తున్నా, అంది డాక్టరమ్మ, అచ్చ తెలుగులో, పైకే, అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది, నోట్లో నీళ్లూరాయి, ఏమన్నారు మేడం అని దుబాసీ తెల్లబోయి చూస్తోంది, ఏం లేదు, ఏం లేదమ్మా, కూర్చో, అక్క గరిటెతో కంచం మీద సరిగ్గా మూడు కొట్టేది, ఎక్కడున్నా లేచి పరుగెత్తాల్సిందే, మెట్లు రెండేసి దిగుతుంటే కాళ్లు వణికేవి, ఆకలితో, తొందరతో, ఆ వంటింటి వెచ్చదనం మీది ఆశతో, ఎంత బాగుండేదో, ఎన్నాళ్లయిందో, తొమ్మిదేళ్లు, కొత్త ఉద్యోగంలో చేరాక తను తోటి డాక్టర్లని భోజనానికి పిలిచింది, అంతా ముందుగదిలో కబుర్లలో ఉండగా వంటింట్లోంచి ఠంగ్ ఠంగ్ ఠంగ్, వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు, సిగ్గుతో చచ్చిపోయి, మేమేం పశువులమా అక్కా, కంచం కొట్టి పిలవడానికి, అనేసింది, నలుగురూ నవ్వారు, అక్కా నవ్వింది, గరిటె గిన్నెలో పెట్టేసింది, ఆ తర్వాత ఎప్పుడూ కొట్టలేదు, గుమ్మం దాకా వచ్చి భోజనం అని చెప్పి వెళ్లేది, హోటల్లో చెప్పినట్టు, నోరు జారితే తీసుకోలేమంటారు, తను తీసుకోవాలని ప్రయత్నించిందా అసలు, పశువుల డాక్టరు అనాల్సిన మాటేనా అది.

వణికేవి కాళ్లు, ఆ మాట దగ్గర మనసు ఆగింది, ముందుకి పోనంది, వణుకుతోంది అని తను ఈమధ్యే ఎక్కడో రాసింది, ఫైలు లాగింది, వచ్చిన రెండో వారం రాసిన మొదటి లేఖ, తిండి పెట్టే ముసలాయన పొడుగాటి చెంచాతో ఊచల మీద కొట్టి బెదిరిస్తున్నాడు, జంతువు వణుకుతోంది, ఇతన్ని వెంటనే తప్పించాలి, తన చేతిరాతే, గుండ్రంగా, ముత్యాల్లా ఉంది, ఆ రోజు దుబాసీ పన్ను పీకించుకోవడానికి వెళ్లింది, అడిగేందుకు నోరు లేదు, అడగాలని తోచనూ లేదు, కళ్లతో చూశాక అడిగేదేముంది అనుకుంది, లేఖ ఆఫీసులో నత్తలా నడిచి నడిచి, సరిగ్గా ఎలుగుని కొత్త చోటికి మార్చిన రోజునే అమలైంది, ముసలాయన్ని గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో పెట్టారు, అదే రోజు, అయ్యో, అదే రోజు, రెండూ ఒక్కరోజే, ఇంకో పేజీలో రెండు కళ్లకీ శుక్లాలు, చూపు దాదాపు లేదు అని, అదీ తన రాతే, రెండు పేజీలూ పక్కపక్కనే ఉన్నాయి, పెద్ద చదువు చదివి రెండు కాగితాలు కలిపి చూడలేకపోయింది.

పరుగెత్తి వెళ్లి ఆయన్ని పిలుచుకురా అమ్మా అంటే, ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు, ప్యాంటు వెనక జేబులో చెంచా అలాగే ఉంది, టికెట్లు చింపే మనిషికి చెంచా ఎందుకో, ఎందుకు కొట్టేవారు అని అడగమంది, దుబాసీ విని చెప్పింది, దానికి కళ్లు ఆనవు కదమ్మా, ఎవరు పెట్టారో తెలియని తిండి అది ముట్టదు, ముందు నేనే వచ్చానని చెప్పుకోవాలి, మూడు కొడితే నేనని దానికి గుర్తు, మరి వణికేదేం, అని అడిగింది, జవాబు తెలిసే అడిగింది, ఆకలిగా ఉన్నప్పుడు మనవాళ్లు పిలిస్తే మీకు ఒళ్లు ఆగుతుందా, అన్నాడట, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం, మీరు అడగలేదు కదమ్మా, ఆ గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

నాలుగైంది, ముసలాయన తలుపు దగ్గరికి నడిచాడు, ఆగండి, నేను కొడతాను, అంది డాక్టరమ్మ, ఎందుకందో తనకే తెలియదు, బహుశా తప్పు తనే దిద్దుకోవాలని కాబోలు, చెంచా తీసుకుని మూడు కొట్టింది, ఎలుగు చెవులు నిలబెట్టింది, ఒక్క క్షణమే, మళ్లీ ఊగడం మొదలుపెట్టింది, దెబ్బ ఒకటే అయినా చెయ్యి వేరు, ముసలాయన నవ్వి చెంచా అందుకున్నాడు, మొదటిది మెల్లగా, రెండోది గట్టిగా, మూడోది కాస్త ఆలస్యంగా, ఊపు ఆగింది, పదకొండు రోజుల ఊపు, తలుపు సందులోంచి నల్లటి ముక్కు బయటికి వచ్చింది, ఒళ్లంతా వణుకుతోంది, ఆయన చేతిలో రొట్టె ముక్క వాసన చూసింది, చెయ్యంతా వాసన చూసింది, తిన్నది.

కాగితం మీద మూడు గడుల కింద ఇంకో గడి గీసింది, వంకరగా వచ్చింది, పక్కన ఎదురుచూపు అని రాసింది, అచ్చు వేసినవాళ్లకి ఆ మాట తట్టలేదు, రోజూ కళ్లు కాయలు కాచేలా ఒక తలుపు వైపు చూసేవాళ్లని రోగులంటారు, పక్కనే, ఆ పాత మనిషినే తిండి పెట్టే పనిలో మళ్లీ వేయాలి, అని రాసి, టిక్కు పెట్టి, సంతకం చేసి దుబాసీకి ఇచ్చింది, గదిలో ఒక్కతే మిగిలాక రొట్టె డబ్బా మూత తీసి, తినకుండా చూస్తూ కూర్చుంది, తొమ్మిదేళ్లుగా తననెవరూ పిలవడం లేదని ఎంత బెంగ పెట్టుకుంది, ఎన్ని ఊళ్లు మారింది, ఎందరి వంటిళ్ల ముందు ఆగి చెవులు రిక్కించింది, చెంచా పట్టుకున్న మనిషిని పంపేసింది మాత్రం తనే, ఇక్కడా, అక్కడా, రెండుసార్లూ తనే, అక్కకి ఫోను కలిపింది, అటు బొంగురు గొంతు, ఏం చిన్నదానా, తిన్నావా, ఎప్పుడడిగినా తిన్నాననే చెబుతుంది, ఇవాళ ఆ అబద్ధం నోట రాలేదు, లేదక్కా, కంచం కొట్టి పిలువు, అంది, అటు అల్మరా తలుపు తీసిన చప్పుడు, గిన్నెలు కదిలిన చప్పుడు, గరిటె కోసం వెతుకుతోంది అక్క.